ఇళ్ళే ప్రభలైన ఊళ్ళో

ఆ ఏడు మా ఇంటికి పండగలు లేవు.

2020 సెప్టెంబరులో నాన్న పోయారు. అమలాపురం దగ్గర మా ఊళ్ళో, కాలవగట్టు పక్కన, అన్నయ్య ఒక్కడే నలుగురు మనుషుల సాయంతో చెయ్యవలసింది చేశాడు. నేను హ్యూస్టన్‌లో వంటింటి బల్లమీద పంచదార డబ్బాకి ఫోను ఆనించి పెట్టుకుని చూశాను. వెళితే తిరిగి వచ్చే దారి లేదు. వీసా ముద్రలు వేసే ఆఫీసులు మూతపడ్డాయి. మాలాంటి ఉద్యోగాల వాళ్ళ రాకమీద ఆ జూన్ నుంచే నిషేధం ఉంది. పన్నెండోరోజు కూడా ఫోనులోనే గడిచింది. ఆ తరవాత ఏటిసూతకం. దసరా లేదు. దీపావళికి వాకిట్లో వరసదీపాలు లేవు. డిసెంబరు వచ్చేసరికి వీధి వీధంతా క్రిస్మస్ దీపాలు పెట్టుకుంది. అప్పుడే ముందుపళ్ళు ఊడుతున్న ఏడేళ్ళ మా అమ్మాయి బయట నిలబడి అటూ ఇటూ చూసి, “మన ఇల్లు ఊడిపోయిన పన్నులా ఉంది నాన్నా” అంది.

భోగినాడు పొద్దున్న తలుపు తీస్తే పిడికి ఒక సంచీ వేలాడుతోంది. లోపల అరిసెలు, జంతికలు, ఒక చీటీ. “మీరు మూకుడు పెట్టరు కదా. పిల్లకి.” మా వీధి చివర ఉండే తెలుగువాళ్ళు పెట్టి వెళ్ళారు. మా ఊళ్ళో ఇది అందరికీ తెలిసిన మర్యాదే. పండగ లేని ఇంట్లో పిండివంటల మూకుడు పొయ్యెక్కదు. ఆ ఇంటికి ఇరుగూ పొరుగూ విస్తట్లో చుట్టి తెచ్చి ఇస్తారు. చిన్నప్పుడు ఆ పొట్లాలు ఎన్నో ఇళ్ళకి నేనే మోసుకెళ్ళాను. అందుకోవడం మాత్రం అదే మొదటిసారి.

ఆ నెలాఖరున మా ఆవిడ న్యూ ఆర్లియన్స్ సంగతి చెప్పింది. ఏటా జరిగే మార్డి గ్రా ఊరేగింపులు కరోనా వల్ల ఆ ఏడు లేవట. అందుకని అక్కడి జనం తమ ఇళ్ళనే ఊరేగింపు బళ్ళలా అలంకరిస్తున్నారట. కారు దిగకుండానే చూడవచ్చట. నాకు మనసొప్పలేదు. సూతకంలో ఉండి ఇంకొకరి పండగ చూడబోవడం ఏమిటి? అమ్మకి ఫోను చేసి అడిగాను. “తీర్థయాత్ర కాదు కదరా. పిల్లని కాస్త బయట తిప్పుకురా” అంది.

ఫిబ్రవరి మొదటి వారాంతంలో చీకటితోనే బయల్దేరాం. సబీన్ నది దాటి లూయిజియానాలోకి వెళ్ళేసరికి తెల్లవారింది. లేక్ చార్ల్స్ ఊరు వచ్చేదాకా ముగ్గురం కబుర్లు చెప్పుకుంటూనే ఉన్నాం. అక్కడ మాటలు ఆగిపోయాయి. కనుచూపుమేర కప్పులమీద నీలం టార్పాలిన్లు. 2020 ఆగస్టు 27న లారా తుపాను గంటకి 240 కిలోమీటర్ల గాలితో ఈ తీరంమీద పడింది. ఆరువారాలు తిరిగేసరికి, అక్టోబరు 9న, డెల్టా అనే ఇంకో తుపాను దాదాపు అదే చోట తీరం దాటింది. మొదటిదానికి లేచిపోయిన కప్పులమీద జనం కట్టుకున్న పట్టాలని రెండోది లాక్కుపోయింది. మేం వెళ్ళేనాటికి కూడా చాలా ఇళ్ళు అలాగే ఉన్నాయి. అలాంటి ఒక ఇంటి ముందు, నీలం పట్టా కింద, వరండా కమ్మీలకి ఊదా, ఆకుపచ్చ, బంగారు రంగు రిబ్బన్లు చుట్టి ఉన్నాయి. అవి మార్డి గ్రా రంగులు. కప్పు బాగుచేసుకోకముందే ఆ ఇంటివాళ్ళు రిబ్బన్లు ఎందుకు కట్టారో నాకు కొంత అర్థమైంది. నేను కోనసీమవాణ్ణి.

1996 నవంబరు 6 రాత్రి మా ఊరిమీద తుపాను పడినప్పుడు నేను తొమ్మిదో తరగతి. తెల్లారి చూస్తే కొబ్బరితోటలు తల తెగి పడి ఉన్నాయి. కరెంటు స్తంభాలు పొలాల్లో పడుకున్నాయి. ఎంతోమంది తిరిగి రాలేదు. ఆ తరవాత నాలుగు రోజులకే దీపావళి. టపాసుల మాట ఎవరూ ఎత్తలేదు. ఇంట్లో ఉన్న కిరసనాయిలు ఒక్క లాంతరుకి సరిపోతుంది. నాన్న దాన్ని వెలిగించి తీసుకెళ్ళి వీధరుగుమీద పెట్టారు. లోపల చీకట్లో గిన్నెలు తడుముకుంటూ అమ్మ, “ఇంట్లో వెలుతురు లేకుండా వీధిలో ఎందుకండీ” అంది. నాన్న గొంతు పెంచలేదు. “లోపల ఏది ఎక్కడుందో మనకి తెలుసు. దారిని పోయేవాళ్ళకి చెట్టు ఎక్కడ పడుందో తెలీదు కదా” అన్నారు. ఆ రాత్రి మా ఇంటి ముందునుంచి వెళ్ళినవాళ్ళందరూ ఆ లాంతరు వెలుగులో ఒక నిమిషం ఆగి, నాన్నని పలకరించి, పడిపోయిన చెట్టుని దాటుకుని వెళ్ళారు.

లేక్ చార్ల్స్ దాటాక నేల మా నేలలా మారిపోయింది. క్రౌలీ చుట్టుపక్కల అంతా వరిచేలు. కోతలయ్యాక ఆ మళ్ళలోనే నీళ్ళు పెట్టి క్రాఫిష్ పెంచుతారు. చూడటానికి పీతడెక్కలున్న రొయ్యలా ఉంటుంది ఆ జీవి. మళ్ళలో వరసలుగా గుచ్చిన బోనుల తలలు నీళ్ళమీదికి కనిపిస్తున్నాయి. వాటి మధ్య చిన్న పడవలో ఒకతను నిలబడి ఒక్కొక్క బోనే ఎత్తి కుమ్మరిస్తున్నాడు. కొంగలు వెనకాలే వస్తున్నాయి. వరినీ చెరువునీ పక్కపక్కనే చూస్తూ పెరిగినవాణ్ణి కనక ఆ కొంగలని కూడా ఎరిగినట్టే అనిపించింది.

లాఫాయెట్ దగ్గర ఒక చిన్న అంగడి ముందు ఆగాం. కిటికీలోంచి అన్నం, మాంసం కలిపి పేగులో కూరిన బూడాన్ అమ్ముతున్నారు. మేం మాంసం తినడం లేదని, ఏడాదిపాటు అంతేనని మా ఆవిడ చెబితే, కిటికీలో ఉన్న పెద్దావిడ ఎందుకని అడగలేదు. “అయ్యో బేబీ” అని లోపలికి వెళ్ళి, వేడి అన్నమూ ఉడికించిన చిలగడదుంపా కాగితంలో చుట్టి తెచ్చింది. డబ్బు తీసుకోలేదు. దక్షిణ లూయిజియానాలో ముక్కూ మొహం తెలియనివాళ్ళని కూడా ‘బేబీ’ అనే పిలుస్తారు. మా వైపు రేవు దగ్గర పడవ దిగినవాణ్ణి “ఏ ఊరు బాబూ” అని అడిగే గొంతులో ఉండే చనువు ఆ పిలుపులో ఉంది. ఏడాదిగా మాస్కుల వెనక, ఆరడుగుల దూరంలో బతుకుతున్నవాళ్ళం. ఆ ఒక్క మాట మమ్మల్ని దగ్గరికి తీసుకున్నట్టయింది.

తరవాత అచాఫలాయా చిత్తడినేల. దానిమీద వేసిన వంతెన పొడవు 29 కిలోమీటర్లు. కింద నిశ్చలంగా గోధుమరంగు నీళ్ళు, వాటిలో మోకాళ్ళు పైకి పెట్టుకుని నిలబడ్డ సైప్రస్ చెట్లు, కొమ్మలనుంచి బూడిదరంగు నాచు జాలరులు. ఆ నాచుని ఎండబెట్టి పూర్వం పరుపుల్లో కూరేవారట, మనం బూరుగుదూది కూరినట్టు. శీతాకాలం కనక ఆకులు రాలిపోయి అడవంతా మోడుగా ఉంది. ఎక్కడో ఒకచోట ఎర్రటి చిగురు మాత్రం కనిపించింది. నాన్న బతికుంటే ఈ నీటిరంగుని బట్టి ఎగువన వానలు ఎప్పుడు పడ్డాయో చెప్పేవారనుకున్నాను.

బేటన్ రూజ్ దగ్గర మిసిసిపి. గోదావరిని చూసిన కళ్ళకి అక్కడ నది వెడల్పేమీ ఆశ్చర్యం కలిగించదు. కానీ ఆ ప్రవాహం బరువు వేరు. న్యూ ఆర్లియన్స్ చేరాక దాని గట్టెక్కి నిలబడ్డాం. ఇక్కడివాళ్ళు లెవీ అంటారు. మాకు అది ఏటిగట్టు. ఒకవైపు నది, రెండోవైపు నదికంటే పల్లంలో ఊరు. ఈ ఊళ్ళో చాలాభాగం సముద్రమట్టానికి కూడా దిగువే. ఏటిగట్టు కింద పుట్టినవాడికి ఆ దృశ్యం గుండెల్లో తగులుతుంది. గట్టు నిలిచినంతకాలమే ఊరు. 2005 ఆగస్టు 29న కత్రినా తుపానుకి ఈ నగరపు కాలవల గోడలూ గట్లూ తెగి నూటికి 80 వంతుల ఊరు మునిగింది. ఆరునెలలైనా గడవకముందే, 2006 ఫిబ్రవరిలో, సగం జనం ఇంకా తిరిగి రాకుండానే మార్డి గ్రా జరుపుకున్నారు.

మార్డి గ్రా అంటే ఫ్రెంచిలో కొవ్వు మంగళవారం. మర్నాటి బుధవారంనుంచి క్రైస్తవులకి ఈస్టరుదాకా ఉపవాసదినాలు. ఆ నియమానికి ముందు కడుపునిండా తిని, ఆడి, పాడే కాలం జనవరి 6న మొదలై ఈ మంగళవారంతో ముగుస్తుంది. ఆ చివరి రోజుల్లో ఎత్తయిన అలంకారపు బళ్ళమీద ముసుగుమనుషులు నిలబడి పూసలదండలు విసురుతూ వెళతారు. దారికి రెండువైపులా జనం చేతులు చాచి అరుస్తారు. 2020లో కూడా అలాగే అరిచారు. కొన్నివారాలకే ఈ ఊరు దేశంలో కరోనా బాగా దెబ్బతీసిన నగరాల్లో ఒకటయింది. అందుకే ఆ నవంబరు 17న, వచ్చే ఏడు ఊరేగింపులు ఉండవని నగరపాలకులు ప్రకటించారు. ప్రపంచయుద్ధాల కాలంలోనూ, 1979లో పోలీసుల సమ్మెప్పుడూ ఆగినట్టు, ఎప్పుడో అరుదుగా తప్ప ఆగని పండగ అది.

ఆ ప్రకటన వచ్చిన రోజే అల్జీర్స్ పేటలో ఉండే ఒక మహిళ, ఇంటినే బండిగా చేసేద్దాం, అటకమీదున్న పూసలన్నీ దారిని వెళ్ళే ఇరుగుపొరుగుకి విసిరేద్దాం అని సరదాగా ఒక మాట రాసిందట. ఆ మాట ఊరంతా పాకింది. ఫిబ్రవరి వచ్చేసరికి మూడువేలకు పైగా ఇళ్ళు పేర్లు నమోదు చేసుకున్నాయి.

సెయింట్ చార్ల్స్ అవెన్యూలో మధ్యాహ్నం నడిచాం. మధ్యలో ఆకుపచ్చ ట్రాం బళ్ళు. ఆ దారిలో 1835నుంచి పట్టాలమీద బండి తిరుగుతోంది. రెండువైపులా కొమ్మలు కలిపేసుకున్న ఓక్ చెట్లు. ఆ కొమ్మలనిండా పాత పూసలదండలు. ఏళ్ళ తరబడి ఊరేగింపుల్లో పైకి ఎగిరి, కిందికి రాకుండా చిక్కుకున్నవి. అవి ఎండకి వెలిసిపోయాయి. వాటి కింద కొత్తరంగులతో ఇళ్ళు. ఒక మేడ ముందు పచ్చికలో మనిషికి రెట్టింపు ఎత్తున్న రాక్షసబల్లులు కిరీటాలు పెట్టుకుని నిలబడ్డాయి. ఒక ఇంటి వరండా అంతా పక్షులు, మధ్యలో ఈ రాష్ట్రపక్షి గోధుమరంగు పెలికన్. ఈ ఊరున్న చోటికి ఇక్కడి ఆదిమజాతుల వాళ్ళు పెట్టుకున్న పేరు బుల్బాంచా అని, పలుభాషల చోటు అని దాని అర్థమని, అక్కడే పక్కన నిలబడ్డ ఒకాయన చెప్పాడు. ఇంకొక ఇంటిమీద ఈ ఊరి సంగీతకారుడు డాక్టర్ జాన్ ఈకలకిరీటంతో, కప్పుని తాకే ఎత్తులో. ఆయన 2019లో పోయారు. ఆ ముఖాన్ని కాగితపు గుజ్జుతోనూ రంగులతోనూ కట్టిన చేతుల నేర్పు దూరంనుంచే తెలుస్తోంది.

అవి అలవాటైన చేతులే. ఇక్కడ ఊరేగింపు బళ్ళు కట్టడం ఏడాది పొడుగునా సాగే వృత్తి. ఒక మార్డి గ్రా అయిన మర్నాడే వచ్చే ఏటి పని మొదలవుతుంది. ఊరేగింపులు లేవనేసరికి ఆ కళాకారులకి పని పోయింది. అప్పుడు రెడ్ బీన్స్ అనే ఊరేగింపు బృందం చందాలు పోగుచేసింది. అంతకుముందు వసంతంలో, మూతపడబోతున్న హోటళ్ళలో వండించి ఆసుపత్రి సిబ్బందికి భోజనాలు పంపింది కూడా వీళ్ళే. ఒక ఇంటి అలంకారానికి సరిపడా డబ్బు జమైనప్పుడల్లా చందాలిచ్చినవాళ్ళలో లాటరీ తీసి, గెలిచినవాళ్ళ ఇంటికి ఆ కళాకారులని పంపారు. అలా ఇరవైకి పైగా ఇళ్ళు ముస్తాబయ్యాయి. ఆ దారిలో నడుస్తుంటే నాకు హైదరాబాదు ధూల్‌పేట గుర్తొచ్చింది. 2020 వినాయకచవితికి అక్కడి బొమ్మలవాళ్ళ పని ఎంత పడిపోయిందో టీవీలో చూశాను. 2019లో 61 అడుగులున్న ఖైరతాబాద్ గణపతి 2020లో 9 అడుగులకి కుదించుకుపోయాడు. పండగ ఆగితే ఎవరి పొయ్యి ఆగుతుందో ముందు చూసుకున్న ఊరుగా న్యూ ఆర్లియన్స్ నాకు గుర్తుండిపోతుంది.

గుండెలో ఇంకోటి కూడా కదిలింది. ఈ బళ్ళని నేను ముందే చూశాను. కనుమనాడు మా జగ్గన్నతోటలో ప్రభలతీర్థం. పదకొండు ఊళ్ళనుంచి పదకొండు ప్రభలు, ఏకాదశ రుద్రులు. వెదురు కట్టి, రంగుల గుడ్డలు చుట్టి, గంటలు వేలాడదీసి, భుజాలమీద మోసుకొస్తారు. గంగలకుర్రు ప్రభలు కౌశిక నది నీళ్ళలోంచి దాటి వస్తాయి. పచ్చగా నాటిన చేలమధ్యనుంచి వస్తుంటే, తొక్కుడుపడ్డ చేను రైతు ఏమీ అనడు. తన మడిలో ప్రభ కాలుపెట్టిందని సంతోషిస్తాడు. నాన్న కుర్రతనంలో ప్రభ భుజానికెత్తుకున్న మనిషి. తోటకి రాలేని ముసలివాళ్ళు ఉన్న ఇళ్ళ ముందు ప్రభని ఒక్క క్షణం ఆపి దింపేవాళ్ళమని చెప్పేవారు. అక్కడ ప్రభ మనిషి ముందు ఆగేది. ఇక్కడ ప్రభలన్నీ ఎక్కడివక్కడ ఆగిపోతే మనుషులే ఊరేగింపుగా వాటి ముందునుంచి వెళుతున్నారు. పిల్లల బళ్ళు తోసుకుంటూ, సైకిళ్ళమీద, చక్రాల కుర్చీల్లో. ప్రతి ఇంటి ముందూ ఆగి ఒకసారి తల ఎత్తి చూసి కదులుతున్నారు. కంచెలకి పూసలదండలు వేలాడదీసి ‘ఒకటి తీసుకోండి’ అని రాసిపెట్టారు.

పొద్దుగూకే వేళకి నది దిగువవైపునున్న పాతపేటల్లోకి వెళ్ళాం. అక్కడి ఇళ్ళు ఇరుకుగా, పొడుగ్గా, గదివెనక గదిగా ఉంటాయి. షాట్‌గన్ ఇళ్ళంటారు. మనం రైలుపెట్టె ఇల్లంటామే, అదే. ముందు చిన్న వరండా, అటునుంచి రెండడుగుల్లో రోడ్డు. మేడల హంగు ఇక్కడ లేదు. అట్టముక్కలు, మెరిసే కాగితాలు, పాత దుప్పట్లు. ఒక వరండాలో పెద్దాయన నిలబడి తీగెకి చిన్న దీపాలు ఎక్కిస్తున్నాడు. ఆయన పక్కన ఒక ఖాళీ కుర్చీ. దానిమీద ఒక ఆడవాళ్ళ టోపీ, అంచులకి ఈకలు కుట్టిన చిన్న గొడుగు. కమ్మీమీద బంగారు రంగు వేసిన కొబ్బరికాయ.

కొబ్బరికాయని చూసి నేను ఆగిపోయాను. ఆయన నవ్వి, ఎప్పుడో జూలూ క్లబ్బువాళ్ళు ఊరేగింపులో చేతికిచ్చిందన్నాడు. 1909లో మొదటిసారి ఊరేగిన నల్లజాతివారి సంఘం అది. వాళ్ళు పూసలకంటే ముఖ్యంగా రంగులు వేసిన కొబ్బరికాయలు ఇస్తారు. అది దొరకడం అదృష్టమని ఈ ఊరి నమ్మకం. కొబ్బరికాయ లేకుండా ఏ శుభమూ మొదలుపెట్టని ఊరు మాదని చెప్పాను. ఆయనకి భలే ముచ్చటేసింది.

కుర్చీ ఎవరిదని నేను అడగలేదు. ఆయనే చెప్పాడు. ఆయన భార్య 2020 ఏప్రిల్‌లో పోయింది. నల్లజాతివారి పేటల్లో సహాయసంఘాలు తరతరాలుగా ఉన్నాయి. సభ్యులు నెలనెలా చందా కట్టేవారు. జబ్బుచేస్తే వైద్యం, పోతే సమాధి ఖర్చు సంఘానిది. ఆ సంఘాలే బ్యాండుమేళంతో ఊరేగింపులూ చేస్తాయి. పోయినవాళ్ళని సమాధిదాకా నెమ్మది పాటలతో సాగనంపి, అక్కడ సెలవు తీసుకున్నాక, తిరుగుదారిలో హుషారు పాటలకి గొడుగులు తిప్పుతూ ఆడతారు. వీధిలో ఉన్నవాళ్ళెవరైనా వెనక చేరవచ్చు. ఆ ఏప్రిల్‌లో పదిమందికి మించి గుమిగూడే వీలు లేదు. మేళం లేదు. గొడుగు తిరగలేదు. “నలభైఏళ్ళు ప్రతివాళ్ళ వెనకా ఆడింది. తన వెనక ఎవరూ ఆడలేదు” అన్నాడు. అందుకే ఈ కుర్చీ, ఈ గొడుగు. దారినపోయేవాళ్ళు చూసి ఒక్క అడుగు వేసి వెళితే చాలునన్నాడు. మేం నిలబడి ఉండగానే సైకిలుమీద వెళ్ళే ఒకమ్మాయి దిగి, కుర్చీవైపు చూసి, చేతిరుమాలు గాలిలో తిప్పి, రెండడుగులు వేసి వెళ్ళింది. ఆయన తల పంకించాడు.

నేను మా నాన్న సంగతి చెప్పాను. మా ఆచారం చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. “అయితే ఏడాదంతా మీ ఇల్లు చీకటేనా?” అని మా అమ్మాయిని అడిగాడు.

“కాదు. ఎదురింటివాళ్ళు లైట్లు పెట్టుకుంటారుగా. మా కిటికీలోంచి కనిపిస్తాయి” అంది.

డిసెంబరంతా అది కిటికీ దగ్గరే కూర్చునేది. నేను మా ఇంటి చీకటినే చూశాను. ఎదురింటి దీపాలు మా హాల్లో గోడమీదికి ఎర్రగా, పచ్చగా వచ్చి పడుతుండడం చూడలేదు. దుఃఖంలో ఉన్న ఇంటిని పండగకి దూరంగా ఉంచుతారని అనుకున్నాను. కానీ ఆ ఇంటిమీద పెట్టిన నియమం సగమే. ఆ ఇంటికి వెలుగూ తీపీ చేరవేసే పని వీధిమీద పెట్టడం మిగతా సగం. గడప లోపలిది ఇంటివాళ్ళది. వాకిలి ఎప్పుడూ వీధిదే. ముగ్గుని గడప బయట వేస్తాం, వేసినవాళ్ళకంటే నడిచేవాళ్ళే ఎక్కువ చూస్తారు. తోరణం ఆకుల పచ్చదనం బయటివైపు తిప్పి కడతాం. ఆ ఏడు మనుషులు ఒకరినొకరు తాకకుండా ఇచ్చుకోగలిగినది ఈ వాకిళ్ళమీద ఉన్నదే. నాన్న లాంతరు నాకు అప్పుడు మళ్ళీ కనిపించింది.

చీకటి పడ్డాక ఆయన దీపాలు వెలిగించాడు. నేను ఆడే మనిషిని కాను. చెప్పులు విప్పి, కుర్చీకి ఎదురుగా నిలబడి దణ్ణం పెట్టాను. ఆయన తన గుండెమీద చెయ్యి పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్న నదిగట్టు దగ్గర 1862నాటి కఫే డు మాండ్‌లో కాఫీ తాగాం. మొదటి గుక్కకే మా ఆవిడ, “ఇది మన కాఫీ” అంది. చికోరీ వాసన. అంతర్యుద్ధం రోజుల్లో కాఫీగింజలు కరువైతే చికోరీ కలిపి సర్దుకున్నారు, ఆ రుచే నిలిచిపోయింది. మన ఫిల్టరులోకి కూడా ఆ వేరుపొడే వచ్చి చేరింది. దానితో బెన్యేలు, పొంగిన పిండిముక్కలమీద గుట్టగా పంచదారపొడి. మధ్యాహ్నం మాంసం లేని ఆకుకూరల గంబో దొరికింది. గంబో అన్న మాటకి మూలం బెండకాయకి ఆఫ్రికాలో ఉన్న పేరట. బానిసలుగా వచ్చినవాళ్ళతో దాటి వచ్చిన ఆ కాయ ఇప్పుడు ఈ ఊరి గుర్తయింది. జిగురు విరగకుండా పులుసులో ఉడికిన బెండకాయ నోట్లో పెట్టుకుంటే అమ్మ చేతివంట తగిలింది. ఏ ఇంటి లేమి ఎక్కడ రుచిగా మారుతుందో చెప్పలేం.

తిరిగొచ్చిన వారానికే టెక్సాస్‌మీద మంచు విరుచుకుపడింది. ఫిబ్రవరి 15 తెల్లవారుజామున కరెంటు పోయింది. రాష్ట్రంలో నలభైలక్షలకు పైగా ఇళ్ళూ దుకాణాలూ చీకట్లో పడ్డాయి. 16న న్యూ ఆర్లియన్స్‌లో మార్డి గ్రా. అక్కడా ఎముకలు కొరికే చలి. వరండాలోని ఆ కుర్చీనే తలుచుకున్నాను. మా వీధిలో ఇంటిముందు మెట్లు గాజులా గడ్డకట్టాయి. ఇంట్లో బ్యాటరీ లాంతరు ఒక్కటే ఉంది. ముగ్గురం ఒకే గదిలో దుప్పట్లలో ముడుచుకున్నాం. ఆ లాంతరుని తీసుకెళ్ళి వీధివైపు కిటికీలో పెట్టాను. మా ఆవిడ ఏమీ అనలేదు. కాసేపటికి ఎదురింటి కిటికీలో ఒక కొవ్వొత్తి వెలిగింది. తరవాత ఇంకొకటి, మూలమీది ఇంట్లో. గడ్డకట్టిన కాలిబాటమీద ఎవరో గోడపట్టుకుని నెమ్మదిగా నడిచివెళ్ళడం ఆ వెలుగులో చూశాను.

సంవత్సరీకం నాటికి కూడా ఇండియా వెళ్ళడం కుదరలేదు. ఇక్కడే చేశాను. 2022 సంక్రాంతికి మా ఇంటికి పండగ వచ్చింది. ధనుర్మాసం మొదటిరోజునుంచి మా ఆవిడా పిల్లా కాంక్రీటు వాకిలిమీద తెల్లవారకముందే ముగ్గు వేశారు. రోజూ కొంచెం పెద్దదవుతూ అది కాలిబాటదాకా వచ్చింది. కుక్కని తిప్పడానికి వచ్చేవాళ్ళు గీత తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్ళేవారు.

మాకు రెండు వీధుల అవతల ఒక ఇంట్లో ఆ ఏడు పండగ లేదు. 2021 మే నెలలో, రెండో విడత కరోనాలో, విజయవాడలో ఆ ఇంటాయన అమ్మ పోయింది. భోగినాడు తెల్లవారుజామున అరిసెలూ సున్నుండలూ సంచిలో పెట్టుకుని నేనూ మా అమ్మాయీ నడిచి వెళ్ళాం. వాళ్ళ తలుపు పిడికి అది తగిలించి, గంట కొట్టకుండా వెనక్కి తిరిగాం.